హాల్లో ఓ చిన్న సముద్రం

చేప అంటే నెల్లూరు జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పులుసే. మామిడికాయ ముక్కలు వేసి, మట్టి చట్టిలో కాచి, రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు పొద్దున తింటే... ఆ రుచే వేరు! అలాంటి చోట చేపను చట్టిలోకి కాకుండా గాజు తొట్టెలోకి తెస్తానంటే ఇంట్లోవాళ్లు వింతగా చూడటం సహజమే. అయినా పదిహేను, ఇరవయ్యేళ్ల కిందట చాలా ఇళ్లలో ఆ వింత జరిగింది. హాల్లో టీవీ పక్కన ఓ తొట్టె, అడుగున రంగురాళ్లు, బుడగలు వదిలే ప్లాస్టిక్ బొమ్మ, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. కొన్నాళ్లు ముచ్చటగానే సాగింది. తర్వాత పిల్లల చదువులు, బదిలీలు, ఎండాకాలం కరెంటు కోతలు... ఓ రోజు చేపలు తేలిపోయాయి. తొట్టె అటకెక్కింది.

అలా అటకెక్కిన తొట్టెను ఇన్నేళ్లకు మళ్లీ దించాలనుకునేవారికి ఈసారి గోల్డ్‌ఫిష్ ఆనదు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా పిల్లలకే కాదు, పెద్దలకూ ఓ కోరిక అంటించి పోయింది. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలతో ఈదే ఆ క్లౌన్ ఫిష్ ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుంది! కానీ అది ఉప్పునీటి చేప. మంచినీటి తొట్టెకూ సముద్రపు తొట్టెకూ ఉన్న తేడా తెలియక మొదలుపెడితే మిగిలేది ఖాళీ తొట్టె, ఖాళీ జేబు.

ఆ తేడాను అందరికన్నా తొందరగా అర్థం చేసుకోగలిగినవాళ్లు మనుబోలు చుట్టుపక్కల ఉన్నారు. నెల్లూరుకూ గూడూరుకూ మధ్య, ఒకప్పుడు 5గా ఉండి ఇప్పుడు 16వ నంబరైన జాతీయ రహదారి మీద ఉందా ఊరు. తూర్పుగా వెళితే కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేరు, దాని వెంబడి రొయ్యల చెరువులు. పీపీటీ అంటే ఏమిటో, అమ్మోనియా పెరిగితే ఏమవుతుందో, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో ఈ పల్లెల్లో రైతులకు కొట్టిన పిండి. నిజానికి సముద్రపు అక్వేరియం అంటే హాల్లో పెట్టుకున్న ఓ చిన్న రొయ్యల చెరువే. కాకపోతే పట్టుబడి ఉండదంతే!

అప్పట్లో ఎందుకు చచ్చాయి?

పాత రోజుల పద్ధతి అందరికీ గుర్తుండే ఉంటుంది. పొద్దున తొట్టె కొనడం, మధ్యాహ్నం నీళ్లు నింపడం, సాయంత్రానికల్లా చేపల్ని వదలడం. వారం తిరిగేసరికి నీళ్లు మసకబారేవి. మొత్తం తీసి, తొట్టెను సబ్బుతో తోమి, కొత్త నీళ్లు పోసేవారు. రెండో వారం చేపలు వరసగా చచ్చేవి. 'మన చేతికి అచ్చిరాలేదు' అనుకుని ఊరుకునేవారు.

అచ్చిరాకపోవడం కాదు, అసలు దోషం తొట్టెలో ఉండాల్సిన సూక్ష్మజీవులు లేకపోవడం. చేప విసర్జించేది, తినగా మిగిలిన మేత కుళ్లితే వచ్చేది అమ్మోనియా. అది చేపకు విషం. నీటిలో, రాళ్ల మీద పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. దీనివల్ల ముప్పు చాలా తక్కువ. అప్పుడప్పుడూ కొంత నీరు మారిస్తే చాలు. ఈ రెండు రకాల సూక్ష్మజీవులూ తొట్టెలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సబ్బుతో తోమిన ప్రతిసారీ వాటిని తుడిచేసి, కథను మళ్లీ మొదటికి తెచ్చుకున్నట్టే.

ఉప్పునీటిలో ఈ సమస్య ఇంకాస్త తీవ్రం. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయదు, రెండోది ప్రాణం తీస్తుంది. పీహెచ్ 7 దగ్గర ప్రాణం తీసే రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.2. అక్కడ, మన వేడికి, అది ఏడెనిమిది వంతులకు చేరుతుంది. అంటే మంచినీటి తొట్టెలో చేప తట్టుకున్న అమ్మోనియాయే ఉప్పునీటి తొట్టెలో దాని ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే మొదటి నెల తొట్టెలో చేప ఉండకూడదు. మరి సూక్ష్మజీవులకు మేత? దానికి నెల్లూరు జిల్లాలో కొదవేముంది! ఓ పచ్చి రొయ్యను తొట్టెలో పడేస్తే చాలు. అది కుళ్లుతుంటే అమ్మోనియా పుడుతుంది. దాన్ని తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి. రెండు మూడు రోజులకోసారి పరీక్షిస్తూ పోతే ముందు అమ్మోనియా పెరిగి తగ్గడం, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గడం కనిపిస్తుంది. రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ మాత్రం కనిపించిన రోజు తొట్టె సిద్ధమైనట్టు. ఈ నెలంతా ఖాళీ తొట్టెను చూస్తూ కూర్చోవడం పిల్లలకే కాదు, పెద్దలకూ కష్టమే. కానీ ఈ కళలో సగం విద్య ఆ ఓపికే.

చెరువులకు వాడే ప్రొబయోటిక్ పొడి వేస్తే పని తొందరగా అవుతుంది కదా అని కొందరికి అనిపించవచ్చు. అన్ని ప్రొబయోటిక్‌లూ ఒకటి కావు. చెరువు అడుగున బురదను విరగ్గొట్టే బాసిల్లస్ రకాలు వేరు, అమ్మోనియాను మార్చే రకాలు వేరు. ప్యాకెట్ మీద ఏముందో చదవకుండా గుప్పెడు చల్లితే నీళ్లు తెల్లబడటమే మిగులుతుంది.

రొయ్య నేర్పిన పాఠం

నీటిని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఈ తీరానికి చాలా ఖరీదుగా తెలిసొచ్చింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య నెల్లూరు తీరాన్ని ఓ ఊపు ఊపింది. వరి మళ్లు చెరువులయ్యాయి. ఒకరి చెరువు వదిలిన నీరే పక్కవారి చెరువులోకి చేరేది. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం చేసింది. 2009లో వెన్నామి రొయ్యకు అనుమతి వచ్చాక గానీ తీరం మళ్లీ కోలుకోలేదు. అప్పటికి రైతులు మారిపోయారు. వ్యాధులు లేని తల్లి రొయ్యల నుంచి తీసిన సీడ్, చెరువులోకి వదిలేముందు నీటిని శుభ్రం చేయడం, క్రమం తప్పని నీటి పరీక్షలు అలవాటయ్యాయి.

సముద్రపు తొట్టెకూ సరిగ్గా ఈ మూడే సూత్రాలు: మంచి సీడ్, మంచి నీరు, క్రమం తప్పని పరీక్ష. పరీక్షలకు కావలసినవన్నీ ఈ ప్రాంతంలో దొరకడం ఓ వరం. ఉప్పుశాతం చూసే రిఫ్రాక్టోమీటర్, అమ్మోనియా, నైట్రైట్ కిట్లు ఆక్వా దుకాణాల్లో ఉంటాయి. రైతులు సీసాలో నీళ్లు పట్టుకెళ్లే ఆక్వా ల్యాబ్‌లో తొట్టె నీరూ పరీక్ష చేయించుకోవచ్చు. మనుబోలుకు దగ్గర్లోని ముత్తుకూరులో మత్స్య కళాశాల కూడా ఉంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఈ సరదా పెట్టుకున్నవారికి ఇంత దగ్గరలో ఇన్ని అండలు ఉండవు.

సముద్రం పక్కనే ఉందిగా!

ఉంది. అదే పెద్ద ఉచ్చు కూడా. ఆటోలో నాలుగు క్యాన్లు వేసుకెళ్లి ఒడ్డున నీళ్లు నింపుకొస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఏ ఒడ్డున, ఏ నెలలో?

నెల్లూరు జిల్లాకు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. ఆ నెలల్లో పెన్న, కండలేరు, చిన్నాచితకా వాగులు బురదనీటిని సముద్రంలోకి మోస్తాయి. ఒడ్డు దగ్గర ఉప్పుశాతం పడిపోతుంది. లోతు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉండే ఉప్పు, వానాకాలంలో ఏటి మొగ దగ్గర సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు. ఎండాకాలంలో మళ్లీ పెరుగుతుంది. ఇక ఉప్పుటేళ్లలో చెరువులు వదిలిన నీరు, రేవుల దగ్గర నూనె, బొగ్గుపొడి... ఇవన్నీ క్యాన్‌తో పాటే ఇంటికొస్తాయి. కంటికి తేటగా కనిపించిన నీరు తొట్టెకు మంచిదని కాదు.

హేచరీలు చేసే పని చూస్తే దారి దొరుకుతుంది. అవి సముద్రపు నీటిని ఇసుక ఫిల్టర్ల గుండా పంపి, క్లోరిన్‌తో క్రిములను చంపి, తర్వాత గాలి కొట్టి, థయోసల్ఫేట్‌తో ఆ క్లోరిన్‌ను తొలగించి గానీ పిల్లల తొట్టెల్లోకి వదలవు. తెలిసిన హేచరీ నుంచి అలా శుద్ధి చేసిన నీరు దొరికితే అంతకన్నా కావలసిందేముంది! అయితే క్లోరిన్ పూర్తిగా పోయిందని పరీక్షించి, ఉప్పుశాతం చూసుకున్నాకే తెచ్చుకోవాలి.

లేకపోతే ఇంట్లోనే సముద్రపు నీరు తయారు చేసుకోవాలి. దానికి అక్వేరియంల కోసం ప్రత్యేకంగా చేసిన ఉప్పు కావాలి. ఇక్కడే మరో ప్రశ్న వస్తుంది. ఉప్పుమళ్లు ఉన్న జిల్లాలో ఉప్పు కొనుక్కోవడం ఏమిటి? ఉప్పు ఉప్పే కదా? కాదు. సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు ముందు సున్నం, జిప్సం అడుగున పడిపోతాయి. తర్వాత మనం తినే సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది. మెగ్నీషియం చివరి దాకా నీటిలోనే ఉండి, ఆ చేదునీటితో పాటు బయటికి పోతుంది. అసలైన సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. కల్లుప్పు కరిగించిన నీటిలో అవి నామమాత్రం. అది కూరకు సరిపోయే ఉప్పునీరే గానీ సముద్రపు నీరు కాదు.

కలిపే మంచినీరు కూడా ముఖ్యమే. తీరప్రాంతం బోరు నీటిలో లవణాలు ఎక్కువ. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఆర్వో నీరు వాడటం మేలు. ఆ నీటిలో ఉప్పు కలిపి, ఒక రోజంతా పంపుతో తిప్పి, 35 పీపీటీ వచ్చిందని చూశాకే తొట్టెలోకి పోయాలి.

లెక్క ముందు, ముచ్చట తర్వాత

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టె మళ్లీ మొదలుపెట్టేవారికి సరైన కొలత. దాని నిండా పట్టే నీరు సుమారు 190 లీటర్లు. ఉప్పు ఆరేడు కిలోలు కావాలి. నీటి బరువే 195 కిలోలు దాటుతుంది. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే పావు టన్ను పైమాటే. పాత టీవీ బల్ల మీద పెడతానంటే కుదరదు. చిన్న తొట్టె అయితే సులువు కదా అంటారు కొందరు. సముద్రపు తొట్టె విషయంలో అది తిరగబడుతుంది. నీరు ఎంత తక్కువైతే వేడి, ఉప్పు, విషం అంత తొందరగా మారతాయి.

అటక మీది తొట్టెను వాడాలంటే ముందు ఆరుబయట నీళ్లు నింపి మూడు రోజులు ఉంచాలి. ఏళ్ల తరబడి ఎండిన సిలికాన్ అతుకులు పెచ్చులూడతాయి. ఇనుప ఫ్రేము తొట్టె అయితే ఆశ వదులుకోవాల్సిందే. ఉప్పు ఇనుమును తినేస్తుంది, ఆ తుప్పు నీటిలో కలుస్తుంది. ఎప్పుడో రాగి మందు వాడిన తొట్టె కూడా పనికిరాదు. అతుకుల్లో ఇంకిన రాగి తర్వాత తెచ్చే రొయ్యలను, పీతలను చంపుతుంది.

పాత సామానులో మారిపోయినవి చాలా ఉన్నాయి. అప్పట్లో గులకరాళ్ల కింద పరిచే ప్లాస్టిక్ జల్లెడ ఫిల్టరే దిక్కు. రెండేళ్లకు దాని కింద చెత్త పేరుకుని కంపు కొట్టేది. ఇప్పుడు రంధ్రాలున్న రాళ్లే ఫిల్టర్. సూక్ష్మజీవులు వాటిలోనే కాపురం ఉంటాయి. ప్రొటీన్ స్కిమ్మర్ అనే పరికరం నీటిలోకి సన్నటి బుడగలు పంపి, మురికిని నురగగా పైకి తెచ్చి ఓ గిన్నెలోకి నెడుతుంది. అలలు ఒడ్డున నురగ కక్కుతాయే, అదే సూత్రం. వేడెక్కే ట్యూబ్‌లైట్ల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. నీటిని అటూ ఇటూ తోసే చిన్న పంపులు అలలను పుట్టిస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువమంది పడే పొరపాటు ఒకటుంది. తొట్టె నీరు రోజూ ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు మళ్లీ సముద్రపు నీరే పోస్తే? రోజుకు రెండు లీటర్లు ఆవిరైతే ఆ రెండు లీటర్లతో 70 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతుంది. నెలకు రెండు కిలోల పైనే. 35 ఉన్న ఉప్పుశాతం 46కు చేరుతుంది. అందుకే ఆవిరైన లోటుకు మంచినీరే పోయాలి. వారానికోసారి 20 లీటర్ల నీరు తీసి మార్చేటప్పుడు మాత్రమే ఉప్పునీరు.

రోహిణి కార్తె, కరెంటు కోత

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నెల్లూరు జిల్లాలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తొట్టె నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. 30 దాటితే చేపలు రొప్పుతాయి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఉప్పునీటిలో ఇంకా తక్కువ. 27 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే సముద్రపు నీరు పట్టుకునేది ఆరున్నర మాత్రమే. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో ఉక్క ఎక్కువైన రోజుల్లో ఆ కాస్తా తగ్గదు. తొట్టెను ఏసీ గదిలో ఉంచడమో, చిల్లర్ కొనడమో మిగతా దారులు. ఇవి రెండూ కరెంటు బిల్లులో కనిపిస్తాయి. మొదలుపెట్టేముందే ఇంట్లో ఆ మాట తేల్చుకోవడం సంసారానికి కూడా మంచిది!

కరెంటు పోతే రొయ్యల రైతు జనరేటర్ కోసం పరుగెత్తుతాడు. ఏరేటర్ ఆగితే చెరువు ఆగినట్టే. తొట్టెకూ అంతే. పంపు ఆగిన కొన్ని గంటల్లో ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులకు ఊపిరాడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఒక పంపును దానికి కలపాలి. లేకపోతే బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి సిద్ధంగా ఉండాలి. తుపాన్లు వచ్చే తీరం ఇది. ఆ చిన్న పంపు ఓ రాత్రి మొత్తం తొట్టెను కాపాడుతుంది.

ఇంతకీ కరెంటే లేని రోజుల్లో ఈ సరదా ఎలా పుట్టింది? 1846లో ఇంగ్లండులో అన్నా థిన్ అనే ఆవిడ టార్క్వే తీరం నుంచి పగడపు జీవులను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. నీటికి గాలి తగలడం కోసం తెరిచిన కిటికీ ముందు పనిమనిషి చేత ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రలోకి గంటలో సగం సేపు పోయించేది. మన ఇళ్లలో పాలు చల్లార్చినట్టు! తర్వాత నీటిలో సముద్రపు నాచు కూడా వేసింది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం తొలి అక్వేరియం తెరిచారు. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డునా ఒకటి వెలిసింది. పంపు పేరు మారింది గానీ అన్నా థిన్ ఇంటి సూత్రమే ఇవాళ్టికీ నడుస్తోంది.

పగడం జోలికొద్దు

విదేశాల్లో తొట్టెల బొమ్మలు చూస్తే కళ్లు చెదిరేలా రంగురంగుల పగడాలు కనిపిస్తాయి. మన దేశంలో అవి ఇంట్లో పెట్టుకుంటే నేరం. 2001లో పగడపు దిబ్బలు కట్టే జీవులను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. ప్రాణమున్న పగడమే కాదు, ఎండిన పగడపు ముక్క అమ్మినా కొన్నా చట్టం ఊరుకోదు. దుకాణంలో ఎవరో లోపలి గదిలోంచి తెచ్చి చూపించినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చేవారు పాత అలవాటుతో పొరబడేది ఇక్కడే. వాళ్లు ఈ సరదా మానేసే నాటికి ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇది కేవలం జరిమానా భయం కాదు. అంగుళం పగడం పెరగడానికి ఏళ్లు పడుతుంది. మన్నారు సింధుశాఖలో తరాల తరబడి సున్నం కోసం పగడాలను తవ్వేశారు. ఆ దిబ్బలు పోతే వాటిని నమ్ముకున్న చేపలూ పోతాయి. పింగాణీ మట్టితో కాల్చి చేసిన కృత్రిమ రాళ్లు దొరుకుతున్నాయి. ఆరు నెలలు గడిస్తే వాటి మీద నాచు పట్టి, అసలు రాళ్లకూ వాటికీ తేడా తెలియదు.

మరి ఎవర్ని తేవాలి?

మంచినీటి అలంకార చేపల్లో చాలావరకు చెరువుల్లో పెంచినవే. సముద్రపు చేపలు అలా కాదు. ఎక్కువ భాగం దిబ్బల మీద పట్టి తెచ్చినవి. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సయనైడ్ చిమ్మి, చేపలను మత్తెక్కించి పట్టేవారు. అలా పట్టిన చేప దుకాణంలో చక్కగానే ఈదుతుంది, ఇంటికొచ్చిన కొన్ని వారాలకు కారణం తెలియకుండా చస్తుంది. దిబ్బ మీద సయనైడ్ పడిన చోటల్లా పగడం కూడా చస్తుంది.

అందుకే మొదటి చేపగా హేచరీలో పుట్టినదాన్నే ఎంచుకోవాలి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్ ఫిష్‌ను, డామ్సెల్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులు రూపొందించింది. గుడ్లు పొదిగాక పిల్లలకు ముందు రోటిఫర్లు, తర్వాత ఆర్టీమియా మేపుతారు. ఆర్టీమియా డబ్బాలు రొయ్యల హేచరీల్లో పనిచేసినవాళ్లకు బాగా తెలిసినవే. హేచరీలో పుట్టిన చేప తొట్టె జీవితానికి, పొడి మేతకు తొందరగా అలవాటుపడుతుంది.

క్లౌన్ ఫిష్ ఇంటి సంగతి పిల్లలకు చెబితే నోరు వెళ్లబెడతారు. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, అదే యజమానురాలు. రెండోది మగది, గుడ్లకు కాపలా కాస్తూ రెక్కలతో విసురుతుంది. ఆడది చనిపోతే ఆ మగదే ఆడదిగా మారిపోతుంది! సినిమాలో ఈ సంగతి చెప్పలేదు మరి.

ఆశ అక్కడితో ఆపాలి. 190 లీటర్ల తొట్టెకు చిన్న చేపలు ఐదారు చాలు. అవీ ఒకేసారి కాదు, రెండు మూడు వారాలకు ఒకటో రెండో. డబ్బు పెట్టేముందు చెయ్యి తిరగాలనుకుంటే మోలీ చేపలున్నాయి. మంచినీటి దుకాణంలో చవగ్గా దొరికే మోలీని నాలుగైదు రోజుల పాటు కొద్దికొద్దిగా ఉప్పు పెంచుతూ పోతే పూర్తి సముద్రపు నీటిలోనూ హాయిగా బతుకుతుంది. ఏటిలో దొరికింది కదా అని పండుగప్ప పిల్లను మాత్రం తేకూడదు. అది మీటరు దాటి పెరిగే చేప. తొట్టెలో ఉన్న మిగతా చేపలే దానికి మేత.

తెచ్చిన ప్రతి చేపనూ ముందు వేరే తొట్టెలో నాలుగు వారాలు ఉంచాలి. సముద్రపు చేపలకూ తెల్లమచ్చ వస్తుంది. పేరు ఒకటే గానీ రొయ్యల తెల్లమచ్చతో దీనికి సంబంధం లేదు. రొయ్యది వైరస్, దానికి మందు లేదు. చేపది ఓ పరాన్నజీవి, రాగి మందుతో పోతుంది. కానీ ఆ మందు పెద్ద తొట్టెలో వేస్తే రొయ్యలు, పీతలు చస్తాయి. అందుకే వేరే తొట్టె. ఒకసారి పెద్ద తొట్టెలోకి చేరిందా, చేపలన్నీ బయటికి తీసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాల్సి వస్తుంది. నాలుగు వారాల ఓపిక దీనికన్నా నయం కదా!

ఎప్పుడైనా విసుగొచ్చి మానేయాలనిపిస్తే చేపలను ఏటిలోనో సముద్రంలోనో వదలకూడదు. ఎక్కడో పసిఫిక్ చేప అయిన లయన్ ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కనిపించింది. ఇవాళ కరీబియన్ సముద్రమంతా పాకి అక్కడి చిన్న చేపలను తినేస్తోంది. మన దగ్గరా అక్వేరియంలలోంచి బయటపడిన సక్కర్ చేప చెరువుల్లో చేరి, వలలు చింపుతూ జాలర్లను ఏడిపిస్తోంది. ఇంకో హాబీదారుడికి ఇవ్వడమో, దుకాణానికి తిరిగివ్వడమో సరైన పద్ధతి.

బాగా చూసుకుంటే క్లౌన్ ఫిష్ పదేళ్ల పైనే బతుకుతుంది. ఆరో తరగతి పిల్ల చేతిలో మేత తిన్న చేప, ఆ పిల్ల ఉద్యోగానికి వెళ్లే రోజుకూ తొట్టెలో ఈదుతూ ఉంటుంది. అందుకే ఇది ఒక్కరి సరదాగా ఉంటే నిలవదు. నాన్న నీళ్లు మారిస్తే, అమ్మ మంచినీటి లోటు చూస్తే, పిల్లలు వారానికోసారి అమ్మోనియా, ఉప్పుశాతం కొలిచి నోటు పుస్తకంలో రాస్తే... అప్పుడు పాత తొట్టె మళ్లీ అటకెక్కదు. చేపలను పెంచుతున్నామనుకున్న ఇళ్లలో అవి చచ్చిపోయాయి. నీటిని పెంచుతున్నామని తెలుసుకున్న ఇళ్లలో చేపలు వాటంతటవే బతుకుతాయి. ఆ సంగతి మనుబోలు రొయ్యల రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు!